అమ్మ చీటీలో తొమ్మిది రకాల మందులు, నెలకు 4,800 రూపాయలు: ఏది అవసరం, ఏది అదనం?

మీరు రాసింది ఇది: అమ్మగారికి 62 ఏళ్లు, షుగర్, బీపీ. ఊరికి దగ్గర్లోని చిన్న పట్నంలో ఒక డాక్టరు గారికి చాలాకాలంగా చూపించుకుంటున్నారు. చీటీలో తొమ్మిది రకాలు, నెలకు 4,800 అవుతోంది. ఆ మందులు క్లినిక్ కింద ఉన్న మెడికల్ షాపులో తప్ప హైదరాబాద్‌లో ఎక్కడా దొరకడం లేదు. డాక్టరు మోసం చేస్తున్నారా, ప్రభుత్వ చవక మందుల షాపు జన ఔషధికి మారితే పనిచేస్తాయా అని అడిగారు. గుండెపోటు, స్టెంటు, పక్షవాతం ఏవీ లేవని, ఈమధ్య సాయంత్రాలు పాదాలు వాస్తున్నాయని కూడా రాశారు. ఈ రెండు మాటలూ చాలా ముఖ్యం, కింద వస్తాయి.

నేను ఫార్మసిస్టుని. చాలా ఏళ్లు మెడికల్ షాపు కౌంటర్‌లో, తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. ఏ మందు ఆపాలో చెప్పే అధికారం డాక్టరుకే ఉంది. ఏ మందు గురించి ఏం అడగాలో మాత్రం నేను చెప్పగలను. ఇది చదివాక కోపంలో ఏ మాత్రా ఆపేయించకండి. ముఖ్యంగా నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, కంగారు, చెమటలు రావచ్చు.

మీరు పెట్టిన బిల్లుని నేను రెండు భాగాలు చేసి చూశాను. షుగర్‌కి గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ 660, విల్డాగ్లిప్టిన్ 900, బీపీకి టెల్మిసార్టాన్-ఆమ్లోడిపిన్ 390, కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్-ఆస్పిరిన్ క్యాప్సూల్ 480. ఇవి నాలుగూ కలిపి 2,430. మిగతావి: గ్యాస్‌కి పాంటాప్రజోల్-డాంపెరిడోన్ 420, ప్రీగాబలిన్-మిథైల్‌కోబాలమిన్ (అంటే బి12) 630, కాల్షియం 270, యాంటీఆక్సిడెంట్ మల్టీవిటమిన్ 540, ప్రొటీన్ పొడి డబ్బా 510. ఇవి ఐదూ 2,370. అంటే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌ని అదుపులో పెట్టే మందులకి ఎంత అవుతుందో, వాటి పక్కన చేరినవాటికీ దాదాపు అంతే అవుతోంది. మన చిన్న పట్నాల్లో షుగర్ పేషెంట్ల చీటీలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ పెద్ద అనుమానం: ఆ బ్రాండ్లు వేరే షాపుల్లో ఎందుకు దొరకవు?

అమ్మగారి షీటు వెనక్కి తిప్పి చూడండి. తయారు చేసింది ఒకరు, మార్కెట్ చేసేది ఒకరు అని రెండు పేర్లు ఉంటాయి. తయారీ చాలాసార్లు హిమాచల్‌లోని బద్ది లేదా ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ వైపు ఉంటుంది. మార్కెట్ చేసే కంపెనీకి సొంత ఫ్యాక్టరీ ఉండదు. తయారీదారు దగ్గర సరుకు చేయించుకుని, తన పేరు అచ్చు వేయించి, ఒక జిల్లాలోనో రెండు మూడు పట్నాల్లోనో కొందరు డాక్టర్ల ద్వారా అమ్ముకుంటుంది. మా లైన్లో వీటిని పీసీడీ కంపెనీలంటాం. పక్క జిల్లా స్టాకిస్టు దగ్గరే ఆ పేరు ఉండదు, ఇక హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

దొరకనంత మాత్రాన అది నాసిరకం అనుకోవద్దు. పెద్ద కంపెనీకి సరుకు చేసే ఫ్యాక్టరీయే దీన్నీ చేసి ఉండొచ్చు. చూడాల్సింది ధర. ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి కేంద్ర మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్లు షాపుకి ఏ ధరకి ఇస్తున్నాయో సగటు తీసి, దానికి షాపు లాభం 16 శాతం కలుపుతారు. జాబితాలో లేని మందులకి ఏడాదికి 10 శాతానికి మించి ఎమ్మార్పీ పెంచకూడదన్నదే ప్రధాన నిబంధన. మొట్టమొదట ఎంత ధర పెట్టాలన్నది చాలావరకు కంపెనీ ఇష్టం. పీసీడీ కంపెనీలు బతికేది అక్కడే. వంద ఎమ్మార్పీ ఉన్న షీటు షాపుకి పాతిక, ముప్పైకి పడిన సందర్భాలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. పేరున్న కంపెనీ మందు మీద షాపుకి మిగిలేది సుమారు 16 నుంచి 20 శాతం. షాపు క్లినిక్‌లోనే ఉంటే ఏ షీటు చీటీ మీదికి ఎక్కుతుందో మీరే ఊహించగలరు.

అమ్మగారి విల్డాగ్లిప్టిన్‌నే తీసుకోండి. ఇది అత్యావశ్యక జాబితాలో లేదు. మీ బిల్లులో మాత్ర 15 రూపాయలు పడింది. దీని పేటెంట్ 2019 చివర్లోనే ముగిసింది, ఆ తర్వాత పదుల కొద్దీ కంపెనీలు దింపాయి. పేరున్న కంపెనీలదే అందులో సగం ధరకి దొరుకుతుంది. పేటెంట్ ముగింపు తేదీలు పేషెంట్లకి ఎవరూ చెప్పరు గానీ తెలుసుకోవాలి. షుగర్‌కే వాడే సిటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ అయితే 60 రూపాయల చుట్టూ ఉన్న మాత్ర కొన్ని కంపెనీల దగ్గర 10 రూపాయల లోపుకి దిగింది. పాత బ్రాండే పాత ధరకి వాడుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఎందుకంటే చీటీ మారలేదు.

ఇక రెండో భాగానికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

చీటీలో మందులు ఒకదాన్ని ఇంకొకటి లాక్కొస్తాయి. అమ్మగారి కొలెస్ట్రాల్ క్యాప్సూల్‌లో ఆస్పిరిన్ కలిసి ఉంది. ఆస్పిరిన్ కడుపులో మంట పెట్టొచ్చు కాబట్టి పాంటాప్రజోల్ వచ్చింది. పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే శరీరానికి బి12 అందడం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ కూడా దీర్ఘకాలంలో బి12ని తగ్గిస్తుంది. బి12 తగ్గితే పాదాల్లో తిమ్మిర్లు, మంటలు. దానికి మిథైల్‌కోబాలమిన్, దాంతోపాటు ప్రీగాబలిన్. ప్రీగాబలిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఆమ్లోడిపిన్‌తోనూ వాస్తాయి, అది ఇంకా ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఇప్పుడు మీరు రాసిన వాపు వచ్చింది. వచ్చే విజిట్‌లో ఆ వాపుకి మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర రాస్తే అది పదోది. ఆ తర్వాత సోడియం, పొటాషియం పరీక్షలు.

అమ్మగారి విషయంలో సరిగ్గా ఇలాగే జరిగిందని నేను అనను. వాపుకి గుండె, కిడ్నీ, థైరాయిడ్ కారణాలు కూడా ఉండొచ్చు, కాబట్టి డాక్టరు చూసి తేల్చాల్సిందే. కానీ ఆ పదో మాత్ర రాసేముందు "ఈ వాపు ఉన్న మందుల వల్ల వచ్చి ఉండొచ్చా సార్?" అన్న ప్రశ్న మీ నోటి నుంచి రావాలి.

ఈ గొలుసు మొదట్లో ఉన్నది ఆస్పిరిన్. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంటు వేసినవాళ్లకి అది ప్రాణం నిలిపే మందు, వాళ్లు ఒక్కపూట కూడా మానకూడదు. గుండె జబ్బే లేనివాళ్లకి ముందుజాగ్రత్తగా ఇచ్చే విషయంలో మాత్రం ఆలోచన మారింది. 60 దాటినవాళ్లకి అలా కొత్తగా మొదలుపెట్టొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2022లో చెప్పింది, కడుపులో రక్తస్రావం ప్రమాదం వల్ల. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో డాక్టరు మనిషిని బట్టి నిర్ణయిస్తారు. అడగడంలో తప్పులేదు: "అమ్మకి గుండె జబ్బు లేదు కదా సార్, ఆస్పిరిన్ లేకుండా రోసువాస్టాటిన్ ఒక్కటే సరిపోతుందా?" సరిపోతుందంటే గ్యాస్ మాత్ర అవసరం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఆ గ్యాస్ మాత్రలో డాంపెరిడోన్ ఎందుకుందో కూడా అడగండి. అది వాంతులకి, వికారానికి కొద్దిరోజులు వాడే మందు. గుండె లయ మీద ప్రభావం ఉండొచ్చని, మామూలుగా వారానికి మించి వాడొద్దని 2014లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మన దగ్గర పాంటాప్రజోల్‌తో, రాబెప్రజోల్‌తో కలిపి నెలల తరబడి రోజూ పరగడుపున వేసుకుంటున్నారు. పాంటాప్రజోల్ విడిగా ఉంటే చవక కూడా. ఈ అలవాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

బి12ని కొట్టిపారేయలేం. పరీక్షలో తక్కువ వస్తే తప్పకుండా వాడాలి. ప్రీగాబలిన్ అసలు ఏ బాధకి మొదలైంది, ఆ బాధ ఇప్పుడుందా అని అమ్మగారిని అడిగి రాసుకోండి. ఉంటే కొనసాగించడమే న్యాయం. లేకపోతే నెమ్మదిగా తగ్గించొచ్చేమో డాక్టరు చెప్తారు. ఈ మందుతో మగత, తల తిరగడం ఉంటాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయిన పెద్దవాళ్లు ఎంతమందో.

ఇక మల్టీవిటమిన్, ప్రొటీన్ పొడి. ఆ రెండిటి మీదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. ఉంటే చట్టం దృష్టిలో అవి ఆహార పదార్థాలు, మందులు కావు. మందుల ధరల నియంత్రణ వాటికి వర్తించదు. చీటీ మీద, మందుల మధ్యలో ఉన్నాయి కాబట్టి మనం మందులనుకుంటాం. డబ్బా వెనక పట్టికలో 100 గ్రాముల పొడికి ప్రొటీన్ ఎంతో చూడండి. 30, 40 గ్రాములే ఉండేవి చాలా ఉన్నాయి. అలాంటి పొడి ఒక పెద్ద చెంచా, అంటే 10 గ్రాములు, పాలలో కలుపుకుంటే వచ్చేది మూడు నాలుగు గ్రాముల ప్రొటీన్. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. గుడ్డు తినకపోతే ఒక గిన్నె పెసరపప్పు, ఒక కప్పు పెరుగు చాలు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ ఎంత తినాలో డాక్టర్ని అడిగాకే పెంచాలి, అది పొడికైనా పప్పుకైనా వర్తిస్తుంది. ఈ రెండూ పోతేనే నెలకు 1,050 మిగులుతుంది. కాల్షియం సంగతి ఎముకల బలాన్ని, విటమిన్ డి పరీక్షని బట్టి ఉంటుంది.

ఇంతా చదివాక డాక్టరు మోసగాడే అన్న నిర్ణయానికి వచ్చేయకండి. ముఖ్యమైన నాలుగు మందుల ఎంపిక చూస్తే ఆయన వైద్యం తెలిసిన మనిషే అనిపిస్తోంది. చిన్న పట్నంలో ఓపీ ఫీజు 150, 200 ఉంటుంది, అదీ పదిరోజుల్లో మళ్లీ వస్తే ఉచితం. 400 అంటే జనం ఇంకో డాక్టర్ని వెతుక్కుంటారు. అదే మనుషులు కింద షాపులో నాలుగు వేల బిల్లు మారు మాట్లాడకుండా కడతారు. అద్దె, నర్సుల జీతాలు, పేషెంట్లని పంపే ఆర్‌ఎంపీలకి ఇచ్చే వాటా, అన్నీ ఆ షాపు మీద, ల్యాబు మీద నడుస్తున్నాయి. పేషెంట్లు కూడా "బలానికి ఏమన్నా రాయండి సార్", "ఒక సెలైన్ పెట్టండి" అని అడిగి రాయించుకుంటారు. రెండు మాత్రలు రాసి పంపిన డాక్టరుకి చేతకాదని పేరు వస్తుంది. ఇది కౌంటర్ అవతల నిలబడి నేను రోజూ విన్న మాట. అయినా పేషెంటు కట్టే డబ్బుకి లెక్క అడిగే హక్కు పేషెంటుకి ఉంటుంది.

కంపెనీల వైపు నుంచి ఇచ్చే కానుకల మీద చట్టం కొంత బిగిసింది. డాక్టర్లకిచ్చే కానుకల ఖర్చుని కంపెనీలు ఆదాయపు పన్నులో మినహాయించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో మందుల కంపెనీలకి మార్కెటింగ్ నియమావళి కొత్తగా వచ్చింది. కానీ సొంత షాపు, సొంత బ్రాండు లెక్క వేరు, అక్కడికి ఇవి పెద్దగా చేరవు.

చాలామంది నన్ను "మీరే అదే సాల్ట్ ఉన్న వేరే కంపెనీది ఇవ్వొచ్చుగా" అని అడిగేవారు. సాల్ట్ అంటే మాత్రలో ఉండే అసలు మందు. చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో రాసిన బ్రాండుకి బదులు వేరేది ఇవ్వడానికి మన డ్రగ్స్ రూల్స్ ఒప్పుకోవు. అందుకే చీటీ మీద సాల్ట్ పేరు ఉండటం అంత ముఖ్యం. డాక్టర్లు జనరిక్ పేర్లతో, అంటే సాల్ట్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యవృత్తి నిబంధనల్లో 2016 నుంచే ఉంది. రాయకపోతే చర్య తీసుకునేలా 2023 ఆగస్టు మొదట్లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. డాక్టర్ల సంఘాల నుంచి అభ్యంతరాలు వచ్చి, అదే నెల 23న వాటిని పక్కన పెట్టింది. పాత నిబంధన అలాగే ఉంది. కాబట్టి "సాల్ట్ పేరు కూడా రాయండి సార్, హైదరాబాద్‌లో కొనుక్కుంటాం" అని అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

జన ఔషధి గురించి. ఇది 2008లో మొదలైన పథకం. మార్కెట్లో ముందున్న మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా ధర పెట్టాలన్నది దాని సూత్రం, చాలా మందులు అంతకంటే బాగా తక్కువకే వస్తాయి. ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే షాపులకి పంపుతారు. కేంద్ర డ్రగ్స్ కంట్రోల్ సంస్థ ప్రతి నెలా ప్రకటించే నాణ్యత లేని బ్యాచ్‌ల జాబితాలో ఖరీదైన బ్రాండ్లూ ఉంటాయి, చవకవీ ఉంటాయి. ధరని చూసి నాణ్యత తేల్చలేం. అమ్మగారి నాలుగు ముఖ్యమైన మందులు అక్కడ కొంటే నా అంచనా ప్రకారం నెలకు ఐదారు వందల లోపు అవుతాయి. నమ్మకం కుదరక పేరున్న కంపెనీలవే కొన్నా రెండు వేలు దాటకూడదు.

జన ఔషధితో ఇబ్బంది స్టాకు. ఒక నెల ఉన్న మందు ఇంకో నెల ఉండదు. జన ఔషధి సుగమ్ యాప్‌లో దగ్గరి షాపు, మందు ధర చూసుకుని, ఫోన్ చేసి వెళ్లండి, రెండు నెలలకి సరిపడా తెచ్చిపెట్టుకోండి. బయట బ్రాండు ధర సరైనదేనా అని చూడటానికి ఎన్‌పీపీఏ వాళ్ల ఫార్మా సహీ దామ్ యాప్ ఉంది. అమ్మగారు ఊళ్లోనే ఉంటారు కాబట్టి పీహెచ్‌సీనీ మర్చిపోవద్దు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ లాంటివి అక్కడ ఉచితంగా ఇస్తారు, మీ ఊరికి 104 బండి వస్తుంటే అక్కడ కూడా అడగొచ్చు. ఇంకో జాగ్రత్త: థైరాయిడ్ మాత్ర, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఇలాంటివాటికి మాత్రం నెలకో కంపెనీ మార్చకూడదు. మారిస్తే డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. అమ్మగారి చీటీలో అవి లేవు గానీ ఇది చదివే వేరేవాళ్లకి ఉపయోగపడుతుందని రాశాను.

ఈ డాక్టరు మిగతావాళ్లకంటే ఎక్కువ రాస్తున్నారా అని తెలుసుకునే దారి ఉందా అనీ అడిగారు. ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ ప్రతి జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్‌లో ఏ మందు ఎంత రాశారో, ఎంత ఖర్చయిందో నెలనెలా బయటపెడతారు, ఓపెన్‌ప్రిస్క్రైబింగ్ అనే సైట్‌లో ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు. మన దగ్గర ప్రైవేటు క్లినిక్‌ల లెక్క ఎక్కడా పోగవదు. ఇంట్లో పాత చీటీలున్నాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచికల ప్రకారం మామూలు ఓపీలో ఒక విజిట్‌కి సగటున రెండు మందుల లోపు, వందలో ముప్పైమంది లోపుకే యాంటీబయాటిక్, ఇరవైమంది లోపుకే ఇంజెక్షన్ ఉండాలి. షుగర్, బీపీ కలిసి ఉన్నవాళ్లకి మందుల సంఖ్య సహజంగా ఎక్కువే, కాబట్టి ఈ కొలత జ్వరం, జలుబు చీటీలకి వాడండి. మూడు రోజుల జలుబుకి అజిత్రోమైసిన్, గ్యాస్ మాత్ర, మాంటెలుకాస్ట్, బి కాంప్లెక్స్, పైన ఒక సూది ప్రతిసారీ ఉంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు చేయాల్సింది. వచ్చే విజిట్‌కి మీరే అమ్మగారితో వెళ్లండి, జనం తక్కువుండే వేళ చూసుకుని. మందులన్నీ, డబ్బాతో సహా, సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), బి12 పరీక్షలు ఈమధ్య చేయించి ఉండకపోతే అవి ముందు చేయించండి. "మీరు ఎక్కువ రాస్తున్నారు" అనొద్దు. "సార్, నెలకు ఇంత కట్టడం కష్టంగా ఉంది. వీటిలో తప్పనిసరిగా వాడాల్సినవి ఏవి, కొన్నాళ్లు ఆపి చూడగలిగేవి ఏవి?" అనండి. ఇలా అడిగితే చాలామంది డాక్టర్లు పెన్ను తీసి తామే రెండు మూడు కొట్టేస్తారు, నేను చాలాసార్లు చూశాను. సాల్ట్ పేర్లతో కొత్త చీటీ రాయించుకోండి, మోతాదు ఎంజీలతో సహా. కోప్పడి పంపేస్తే రిపోర్టులన్నీ పట్టుకుని జిల్లా ఆసుపత్రిలోనో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. ముందు కంపెనీలు మార్చండి, రెండు వారాలు పరగడుపు షుగర్, బీపీ చూసి నోట్‌బుక్‌లో రాయండి. నిలకడగా ఉన్నాక, డాక్టరు ఒప్పుకున్నవి ఒక్కొక్కటిగా ఆపండి. అప్పుడే ఏ మార్పు వల్ల ఏమైందో తెలుస్తుంది. అమ్మగారు శనివారాలు ఒంటిపూట ఉంటే గ్లిమెపిరైడ్ ఆ రోజు ఎలా వేసుకోవాలో కూడా అడగండి, భోజనం లేకుండా ఆ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ఎక్కడ కొన్నా బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు తీసుకోండి.

బి12, క్రియాటినిన్ రిపోర్టులు వచ్చాక, పేరు కనపడకుండా అంకెలు రాయండి. మెట్‌ఫార్మిన్ మోతాదు గురించి, ఆ పాదాల వాపు గురించి డాక్టర్ని ఇంకా ఏం అడగాలో అప్పుడు చెప్తాను.